ఆదివారం ఆడితే చాలా? ఆటల గురించి అపోహలు – వాస్తవాలు

నేను బెంగళూరులో ఫిజియోథెరపిస్ట్‌ని. మారతహళ్లి, బెళ్లందూరు వైపు తెలుగువాళ్లు ఎక్కువ కాబట్టి నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది మనవాళ్లే. సోమవారం పొద్దున్నే కుంటుకుంటూ వస్తారు. ముందు రోజు టర్ఫ్‌లో బాక్స్ క్రికెట్టో, అపార్ట్‌మెంట్ కోర్టులో షటిలో ఆడి ఉంటారు. “హెల్త్ కోసమే ఆడాను మేడమ్, ఇలా అయింది” అంటారు. గాయం నయమవుతుంది. ఆ భయంతో ఆట మానేసినవాళ్లను మళ్లీ కోర్టులోకి దింపడమే కష్టం. అందుకే తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: వారమంతా కూర్చున్నా, ఆదివారం రెండు గంటలు ఆడేస్తే సరిపోతుంది.

ఇందులో సగం నిజం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ కావాలి. దాన్ని ఒకటి రెండు రోజుల్లోనే పూర్తి చేసినా గుండెకు మేలు జరుగుతుందని పరిశోధనల్లో తేలింది. అయితే గుండె లెక్క వేరు, పిక్క లెక్క వేరు. కండరాలకు బలమిచ్చే వ్యాయామం వారానికి కనీసం 2 రోజులు చేయాలని కూడా అవే సూచనల్లో ఉంది. ఆ ముక్క ఎవరూ పట్టించుకోరు.

ఐదు రోజులు ఆఫీసు కుర్చీలోనూ, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లోనూ మడిచి ఉంచిన కాలుతో ఒక్కసారిగా ముందుకు దూకితే, మడమ వెనక తాడులా ఉండే అకిలిస్ స్నాయువు తెగవచ్చు. 30 నుంచి 50 ఏళ్ల మగవాళ్లలో ఇది ఎక్కువ. ‘టప్’మంటుంది. వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపిస్తుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. కాసేపటికి నొప్పి తగ్గడంతో బెణికిందనుకుని బామ్ రాసుకుని పడుకుంటారు. అలా మూడు వారాలు గడిపి వచ్చిన ఒక తమ్ముడు మళ్లీ పరిగెత్తడానికి ఏడాది పట్టింది. మీకు అనుమానం వస్తే బోర్లా పడుకుని, పాదం మంచం అంచు దాటి ఉండేలా పెట్టి, ఎవరితోనైనా పిక్కను నొక్కించండి. పాదం కదలకపోతే అదే రోజు ఎముకల డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

ఇది రాకుండా చూసుకోవడం మన చేతుల్లో చాలావరకు ఉంది. మెట్టు అంచు మీద పాదాల ముందు భాగంతో నిలబడి మడమలు మెల్లగా ఎత్తుతూ దించుతూ ఉండాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. కుక్కర్ విజిల్స్ వచ్చేలోపు అయిపోయే పని. ఆట రోజు రాకెట్ పట్టుకునే ముందు 10 నిమిషాల వార్మప్ చేయండి.

అపోహ: పరిగెత్తితే మోకాలి గుజ్జు అరిగిపోతుంది.

గుజ్జులో రక్తనాళాలు ఉండవు. కీలు మీద బరువు పడుతూ, తీస్తూ ఉంటేనే దానికి పోషణ అందుతుంది. 2017లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల సరదాగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, పరిగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం, పోటీలకు పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం. కబ్బన్ పార్కులో మీరు చేసే జాగింగ్ మొదటి కోవలోకి వస్తుంది. పుల్లెల గోపీచంద్ మోకాలికి సర్జరీలు అయ్యాకే 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచారు. అంటే నొప్పి దిగమింగి ఆడమని కాదు. మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, కాలు మోపితే పట్టు తప్పుతున్నా ఆపి చూపించుకోండి.

అపోహ: ఎక్కువ చెమట పడితే ఎక్కువ కొవ్వు కరిగినట్టు.

చెమట ఒంటిని చల్లబరచడానికి వస్తుంది. తగ్గిన బరువు నీళ్లు తాగగానే తిరిగి వస్తుంది. అంతే.

అపోహ: గట్టిగా ఆడితే గుండెపోటు వస్తుంది.

2021 అక్టోబర్ 29న కన్నడ హీరో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే చనిపోయినప్పుడు ఈ ఊరు ఎలా ఏడ్చిందో చూశాను. జిమ్ చేశాక ఒంట్లో బాగోలేదన్న వార్తతో జయదేవ ఆసుపత్రిలో గుండె పరీక్షలకు జనం బారులు తీరారు. మావాళ్లు కొందరు ఆటలే మానేశారు. క్రమం తప్పకుండా శ్రమ చేసేవాళ్లకు గుండె జబ్బు ముప్పు తక్కువ. అలవాటు లేనివాళ్లు ఉన్నట్టుండి తీవ్రంగా ఆడితే ప్రమాదం బాగా పెరుగుతుంది. 40 దాటినా, బీపీ, షుగర్, సిగరెట్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉన్నా ముందు డాక్టర్‌ని కలవండి. ఆడుతుండగా ఛాతీ బిగిసినా, నొప్పి చేతికో దవడకో పాకినా, గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

అపోహ: ఆటలు ఆడేవాళ్లకు టెన్షన్, డిప్రెషన్ ఉండవు.

ఆట మనసుకు మంచి మందు, నేను రోజూ చూస్తున్నాను. పని తప్ప ఇంకేదీ లేని జీవితంలోకి నలుగురు మనుషులు వస్తారు. ఊరు కాని ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కానీ 2008లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన షూటర్ అభినవ్ బింద్రా కూడా ఆ తర్వాత తనను కమ్మేసిన శూన్యం గురించి మాట్లాడారు. టెన్నిస్ క్రీడాకారిణి నవోమి ఒసాకా 2021లో మానసిక ఆరోగ్యం కోసం ఫ్రెంచ్ ఓపెన్ మధ్యలోనే తప్పుకున్నారు. ఓడిన రాత్రి నిద్ర పట్టకపోవడం, వాట్సాప్ గ్రూపులో గొడవలు, ఆఫీసు టార్గెట్లు చాలవన్నట్టు లీగ్ పాయింట్ల దిగులు... ఇలా ఆడితే ఆటే ఇంకో ఉద్యోగం అవుతుంది. ఆడుతున్నాం కదా అని డిప్రెషన్ మందులు మీ అంతట మీరు ఆపకండి. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు.

అపోహ: పిల్లలు పుట్టాక ఆడవాళ్లకు ఆటలు పడవు.

ఈ మాట వెనక ఎవరూ పైకి చెప్పని సంగతి ఒకటుంది. కాన్పు తర్వాత ఎగిరినా, దగ్గినా కొంచెం మూత్రం పడటం చాలామందికి జరుగుతుంది. సిగ్గుతో ఆట మానేస్తారు. “ఆడదాని ఒళ్లు అంతేలే” అని ఇంట్లోవాళ్లు సర్ది చెబుతారు. ఇది సర్దుకుపోవాల్సిన విషయం కాదు. కటి కండరాల (పొత్తికడుపు అడుగున ఉండి మూత్రాన్ని ఆపి ఉంచే కండరాలు) వ్యాయామాలు ఫిజియో దగ్గర సరిగ్గా నేర్చుకుని కనీసం మూడు నెలలు చేస్తే చాలామందికి తగ్గుతుంది. కాలేజీలో వాలీబాల్ ఆడిన ఒక అక్క ఇదే కారణంతో తొమ్మిదేళ్లు కోర్టు వైపు వెళ్లలేదు. భర్తకు కూడా చెప్పలేదు. ఈ వ్యాయామాలు మొదలుపెట్టిన నాలుగు నెలల తర్వాత, అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో ఆడుతూ ఎగిరి స్మాష్ కొట్టిన వీడియో పంపించింది. అందులో ఆమె కూతురు గట్టిగా అరుస్తోంది, “అమ్మా, ఇంకోసారి!”