అమెరికా కరాటే ‘బ్లడ్ అండ్ గట్స్’ రోజులు: అపోహలు - వాస్తవాలు

డాలస్ చుట్టుపక్కల కరాటే నేర్పేవాళ్లకు ఈ కథలు వినక తప్పదు. డెబ్బై దాటిన టెక్సస్ బ్లాక్ బెల్టులు వంకరపోయిన ముక్కు చూపించి ‘మా రోజుల్లో అయితేనా...’ అని మొదలుపెడతారు. 1960ల నుంచి 70ల తొలినాళ్ల దాకా నడిచిన ఆ మొరటు స్పారింగ్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే పోరు) కాలానికి ‘బ్లడ్ అండ్ గట్స్’ (రక్తం, తెగువ) అనే పేరు స్థిరపడింది. ఆ కథలను నేను నమ్ముతాను. వాటి నుంచి జనం తీసే తీర్మానాలతోనే నా పేచీ. పిల్లల్ని క్లాసుకు తెచ్చే మన తెలుగు నాన్నలు కూడా అవే తీర్మానాలు వల్లిస్తుంటారు.

అపోహ: అప్పుడు జరిగింది అసలైన ఫైటింగ్, ఇప్పుడు జరిగేది పాయింట్ల ఆట.

అప్పుడూ పాయింట్ల ఆటే. దెబ్బ పడగానే రిఫరీ ఆపేవాడు, జడ్జిలు జెండాలో చేతులో ఎత్తేవారు, మళ్లీ మొదలు. 1964లో కరాటే గురువు ఎడ్ పార్కర్ కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన లాంగ్‌బీచ్ పోటీలూ ఇలాగే నడిచాయి. కాకపోతే చేతికి గ్లవ్ ఉండేది కాదు, కాలికి ప్యాడ్ ఉండేది కాదు. ఎంత గట్టిగా తగిలితే తప్పు అన్నది ఊరికో తీరు, రిఫరీకో తీరు. టెక్సస్‌లో ఊరికే తాకితే పాయింట్ వచ్చేది కాదని పాతవాళ్లు చెబుతారు. పక్కటెముకలు విరగడానికి సగం కారణం అదే. మనుషులు ఉక్కుతో చేసినవాళ్లేమీ కాదు, రూల్స్ అలా ఉండేవి.

అపోహ: ఆ మొరటుదనం ఒకినావా నుంచి వచ్చిన ప్రాచీన సంప్రదాయం.

కరాటే పుట్టిన ఒకినావా దీవి నుంచి దాన్ని జపాన్ ప్రధాన భూభాగానికి పరిచయం చేసిన గురువు ఫునాకోషి కటాకే (ఒంటరిగా, వరుస క్రమంలో చేసే కదలికల సాధనకే) పెద్దపీట వేశారు. ఫ్రీ స్పారింగ్ (ముందే అనుకున్న కదలికలు లేకుండా తలపడడం) 1930ల ప్రాంతంలో జపాన్ యూనివర్సిటీ క్లబ్బుల్లో, కుర్రాళ్ల ఉత్సాహంతో పెరిగింది. అమెరికాకు ఈ విద్యను ఎక్కువగా మోసుకొచ్చింది సైనికులు. నేవీలో పనిచేసి వచ్చిన రాబర్ట్ ట్రయాస్ 1946లో ఫీనిక్స్‌లో డోజో (కరాటే శిక్షణశాల) తెరిచాడు. తర్వాత సినిమా హీరో అయిన చక్ నోరిస్ కొరియాలోని ఓసాన్ వైమానిక స్థావరంలో నేర్చుకున్నాడు. మెరీన్ జో లూయిస్ ఒకినావాలో ఏడు నెలలకే బ్లాక్ బెల్ట్ కట్టి, 1966లో వాషింగ్టన్‌లో జాతీయ టైటిల్ కొట్టేశాడు. అదే ఏడాది లాంగ్‌బీచ్‌లో డాలస్‌కు చెందిన అలెన్ స్టీన్ నోరిస్‌నూ లూయిస్‌నూ ఓడించాడు. వీళ్లలో ఎవరూ గురువు దగ్గర దశాబ్దాలు కూర్చున్నవాళ్లు కాదు. వయసు, ఒంట్లో బలం, తెగింపు ఉన్నాయి. దెబ్బను చివరి అంగుళంలో ఆపే నేర్పు రావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది, చాలామందికి అంత సమయం దొరకలేదు.

అపోహ: ప్యాడ్లు వచ్చాక ప్రమాదం పోయింది.

ఇదే నన్ను ఎక్కువ కంగారుపెట్టేది. 1970ల మొదట్లో అమెరికాలో టైక్వాండో నేర్పిన జూన్ రీ ఫోమ్‌తో చేతులకు, కాళ్లకు, తలకు రక్షణ కవచాలు తెచ్చారు. కోతలు, పళ్లు ఊడడం, వేళ్లు విరగడం తగ్గాయి. ఆ మేలు కాదనలేం. కానీ ఒట్టి పిడికిలితో నుదుటి మీదో పళ్ల మీదో కొడితే ముందు కొట్టినవాడి చెయ్యే చితుకుతుంది కాబట్టి ఆ భయమే కొంత అదుపు చేసేది. ఫోమ్ తొడిగాక ఆ భయం పోయింది, తలకు కొట్టడం పెరిగింది. హెల్మెట్ చర్మాన్ని కాపాడుతుంది గానీ, తల ఒక్కసారిగా అటూ ఇటూ ఊగితే లోపల మెదడు కదలడాన్ని ఆపలేదు. స్పృహ తప్పకపోయినా కంకషన్ (మెదడుకు కుదుపు దెబ్బ) కావచ్చు. స్పారింగ్ తర్వాత పిల్లాడు తలనొప్పి అన్నా, వాంతి చేసుకున్నా, అడిగిందే అడుగుతున్నా ఆ రోజుకు ఆట బంద్, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ‘హెల్మెట్ ఉందిగా సార్’ అంటే నేను వినను.

అపోహ: దెబ్బలు తింటేనే రాటుదేలతారు.

కరాటే ఫైటర్ బిల్ వాలెస్‌ను చూడండి. జూడోలో కుడి మోకాలు దెబ్బతింది. ఇక ఎడమ కాలినే నమ్ముకుని, దాని వేగంతో ఛాంపియన్ అయ్యాడు. గాయం ఆయనకు దారులు తగ్గించింది, గెలిపించింది సాధన.

అపోహ: ఫుల్ కాంటాక్ట్ (పూర్తి బలంతో కొట్టుకునే పోటీ) వచ్చాక అసలు కరాటే బయటపడింది.

1974లో లాస్ ఏంజెలెస్‌లో ఫుల్ కాంటాక్ట్ తొలి ప్రపంచ టైటిల్ పోటీలు జరిగాయి. లూయిస్, వాలెస్, జెఫ్ స్మిత్ గెలిచారు. అయితే చాలామందికి రెండు రౌండ్లకే ఆయాసం వచ్చేది. కాళ్లు ఎత్తడం మానేసి బాక్సింగ్‌లోకి దిగిపోయేవారు. చివరికి రౌండుకు కనీసం ఎనిమిది కిక్స్ కొట్టాలని రూల్ పెట్టి, అవి లెక్కపెట్టడానికి రింగ్ పక్కన మనుషుల్ని కూర్చోబెట్టాల్సి వచ్చింది.