45292 అనే తేదీ

స్ప్రెడ్‌షీట్ గడిలో 2024 జనవరి 1 అని రాసి, ఆ గడిని సాధారణ సంఖ్యారూపంలోకి మారిస్తే 45292 కనిపిస్తోందని, తాను రాసిన తేదీ ఏమైందని ఒక పాఠకురాలు అడిగారు. తేదీ ఏమీ కాలేదు. యంత్రం మొదటినుంచీ దాచుకున్నది ఆ సంఖ్యనే. రోజు, నెల, సంవత్సరం దానిని మనకు చూపే రూపాలు మాత్రమే.

ఎక్సెల్ 1900 జనవరి 1ని ఒకటో రోజుగా పెట్టుకుని లెక్కిస్తుంది. రోజులో గడిచిన భాగం దశాంశ బిందువు తరువాత వస్తుంది కనుక, 45292.75 అంటే ఆనాటి సాయంత్రం ఆరు గంటలు. ఈ పద్ధతిలో రెండు తేదీల మధ్య ఎడం తెలియాలంటే ఏ నెలకు ముప్పై, ఏ నెలకు ముప్పై ఒకటి అని వేళ్ల కణుపులు తడుముకోనక్కరలేదు, తీసివేత ఒక్కటి చాలు. వారం తెలియాలంటే ఏడుతో భాగించి శేషం చూడాలి: ఒకటి మిగిలితే ఆదివారం, రెండు మిగిలితే సోమవారం. 45292కు శేషం రెండు; ఆ రోజు సోమవారమే. భారతీయ ఖగోళ గ్రంథాల్లోని అహర్గణం సరిగ్గా ఇదే. కలియుగారంభం నుంచి గడిచిన రోజులను ఏడుతో భాగించి, శేషాన్ని శుక్రవారం మొదలుకొని లెక్కపెట్టి వారాన్ని సరిచూసేవారు. ఫలాలు చెప్పే జ్యోతిషానికీ దీనికీ సంబంధం లేదు, ఇది శుద్ధ గణితం. స్ప్రెడ్‌షీట్ పాఠాల్లో ముందుగా చెప్పవలసింది ఈ లెక్కనే, తేదీ అమర్పు సంకేతాలను కాదు.

అయితే ఎక్సెల్ లెక్కలో 60వ రోజు 1900 ఫిబ్రవరి 29. అటువంటి రోజు లేనే లేదు. రెండు సున్నాలతో ముగిసే సంవత్సరం లీపు కావాలంటే దాన్ని 400 నిశ్శేషంగా భాగించాలి; 1900ను భాగించదు కనుక అది లీపు సంవత్సరం కాదు. ఎక్సెల్‌కు ముందున్న స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం లోటస్ 1-2-3లోని ఈ పొరపాటును, పాత పట్టికలు చెడకూడదని ఎక్సెల్‌లోనూ తెలిసే ఉంచారు. అందువల్ల ఆ రోజుకు ముందున్న వారాలన్నీ ఒకటి తప్పుతాయి: నిజానికి సోమవారమైన 1900 జనవరి 1ని ఎక్సెల్ ఆదివారం అంటుంది.

యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ రోజులను కాక సెకన్లను, 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి, యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం లెక్కిస్తుంది. ఆ లెక్కను 32 బిట్లలో ఉంచిన చోట గరిష్ఠ సంఖ్య 2147483647, అంటే 2038 జనవరి 19, 03:14:07. మరుసటి సెకనుకు సంఖ్య రుణాత్మకమై 1901 డిసెంబరు 13కు పోతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 64 బిట్లలో, 2000 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లను లెక్కిస్తుంది. టైమ్‌జోన్‌తో కూడిన రకమని చెప్పే గడిలో సైతం అది జోన్‌ను దాచదు. ఇచ్చిన సమయాన్ని యూటీసీకి మార్చి సంఖ్యను మాత్రమే ఉంచుతుంది.

ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్‌లో తేదీకి ప్రత్యేక రకం లేదు, అక్షరాలుగానైనా రాసుకోవచ్చు. అప్పుడు 05-01-2024 అని రాస్తే వరుసలో అది 04-12-2024 తరువాత పడుతుంది. 2024-01-05 అని సంవత్సరంతో మొదలుపెట్టే ఐఎస్‌ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణ రూపంలో అక్షరక్రమమూ కాలక్రమమూ ఒకటవుతాయి. 01, 05లలోని ముందు సున్నాలు వదిలేస్తే మాత్రం పదో నెల తొమ్మిదో నెలకు ముందే వస్తుంది.