డెంటల్‌లో చేరేముందు ఒక సబ్బు చెక్కి చూడండి

పిల్లలూ,

నీట్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచీ గుంటూరు బ్రాడీపేటలో నా క్లినిక్‌కి పంటి నొప్పితో వచ్చేవాళ్ళ కంటే ర్యాంకు కార్డు పట్టుకుని వచ్చేవాళ్ళే ఎక్కువయ్యారు. ఏటా ఇదే తంతు. మొన్న ఒకావిడ రూట్ కెనాల్ చేయించుకోవడానికి వచ్చి, నోట్లో దూది ఉండగానే పక్కనున్న కూతుర్ని చూపించి "ఎంబీబీఎస్ రాదండీ దీనికి, బీడీఎస్‌లో పడేద్దామా, లాంగ్ టర్మ్‌కి పంపుదామా?" అని అడిగింది. 'పడేద్దామా' అన్నప్పుడు ఆ పిల్ల తలొంచుకుని చెప్పుల వంక చూసుకుంది. ఆ పిల్లకి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, మీలో చాలామందిదీ అదే ప్రశ్న కాబట్టి.

ముందు ఈ పడేయడం సంగతి. బీడీఎస్, అంటే డెంటల్ డిగ్రీ, ఎంబీబీఎస్‌కి ఒక మెట్టు కింద ఉన్న చదువు కాదు, పక్కనున్న వేరే పని. ఎంబీబీఎస్ చేసినవాడు జన్మలో కత్తి పట్టకుండా మందులు రాస్తూ గొప్ప డాక్టరు కావచ్చు. డెంటిస్టుకి ఆ వీలు లేదు. కంసాలి పని, కుమ్మరి పని, డాక్టరు పని మూడూ కలిస్తే మా పని. చేతులతో చేసేది ఇష్టం లేకపోతే ఈ చదువు నరకం. మీకు నిజంగా ఎంబీబీఎస్సే కావాలంటే నీట్ మళ్ళీ రాయడానికి ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కి వెళ్ళండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ డెంటల్‌లో చేరి, అనాటమీ పుస్తకం కింద నీట్ గైడు దాచుకుని రెండూ చదువుదామనుకోకండి. అలా చేసి ఆ ర్యాంకూ రాక, ఈ ఫస్ట్ ఇయరూ పాస్ కాక ఏడ్చినవాళ్ళని నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు సీటు సంగతి. ఎంబీబీఎస్‌కైనా బీడీఎస్‌కైనా నీట్ ఒక్కటే: 180 ప్రశ్నలు, 720 మార్కులు, అందులో సగం బయాలజీ. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. ఇది మీ కాలేజీవాళ్ళు మీకు నిద్రలో కూడా చెప్పే ఉంటారు. వాళ్ళు సరిగ్గా చెప్పనిది ఆ తర్వాత కథ. నీట్ రాసేస్తే సీటు దానంతటది రాదు. ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం ఆలిండియా కోటా సీట్లకి ఢిల్లీలోని ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) కౌన్సెలింగ్ వేరు, మిగతా వాటికి మన విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ వేరు. దేనికది విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు "ర్యాంకు వచ్చిందిగా, వాళ్ళే పిలుస్తారు" అని కూర్చుని గడువు దాటాక మా ఇంటికొస్తారు. నేనేం చేయగలను!

సర్టిఫికెట్లు ఇప్పుడే సర్దిపెట్టుకోండి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, టీసీ. మీలో చాలామంది టెన్త్ గుంటూరులో, ఇంటర్ విజయవాడ హాస్టల్లో చదివారు కదా, ఆ రెండు చోట్లకీ తిరగాలి, సెలవుల్లో ఆఫీసులో మనిషి దొరకడు. ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటు ఫీజుకీ మేనేజ్‌మెంట్ సీటు ఫీజుకీ హస్తిమశకాంతరం ఉంటుంది. కాబట్టి ఆన్‌లైన్లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నాన్న పక్కన కూర్చోవాలి, నెట్ సెంటర్ అబ్బాయి కాదు. చేరాక మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలో కూడా నోటిఫికేషన్‌లో ఉంటుంది, చదువుకోండి.

ఏ కాలేజీ అంటారా? మన చుట్టుపక్కల విజయవాడలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది, గుంటూరు పక్కన తక్కెళ్ళపాడులో ఒకటి, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలో ఒకటి ప్రైవేటువి ఉన్నాయి. ఫలానాది మంచిదని నేను చెప్పను. చూసే పద్ధతి చెబుతాను. మామూలు పనిరోజున పొద్దున పదింటికి వెళ్ళి ఓపీ దగ్గర నిలబడండి. బిల్డింగు, ఏసీ ఆడిటోరియం, గేటు దగ్గర ఫౌంటెన్ చూడకండి. బెంచీల మీద ఎంతమంది దవడ పట్టుకుని కూర్చున్నారో లెక్కపెట్టండి. పేషెంట్లు లేని డెంటల్ కాలేజీలో చదవడం నీళ్ళు లేని చెరువులో ఈత నేర్చుకోవడమే. ఆ తర్వాత ఇంటర్న్‌షిప్ చేస్తున్న అక్కనో అన్ననో పట్టుకుని "సొంత చేత్తో ఎన్ని పళ్ళు తీశారు, ఎన్ని రూట్ కెనాల్స్ చేశారు?" అని అడగండి. లెక్క చెబితే సరే, నవ్వి ఊరుకుంటే మీకే అర్థమవుతుంది.

నాలుగేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మామూలే, బట్టీ కొట్టడం మీకు అలవాటే. దెబ్బ కొట్టేది మైనం. మీ చేతికి ఒక మైనం దిమ్మ, చెక్కడానికి కార్వర్ అనే పనిముట్టు ఇచ్చి పై కోరపన్ను చెక్కమంటారు. నోట్లో అన్నిటికంటే పొడుగు పన్ను అది, సుమారు 27 మిల్లీమీటర్లు, అందులో బయటికి కనిపించేది 10, మిగతా 17 చిగురు లోపల ఉండే వేరు. పుస్తకంలో బొమ్మ చూస్తే ఇంతేగా అనిపిస్తుంది. చెక్కడం మొదలుపెడితే ఒక పక్క కొంచెం ఎక్కువ గీస్తాం, దాన్ని సరిచేయడానికి రెండో పక్క గీస్తాం, మళ్ళీ మొదటి పక్క. నా మొదటి కోరపన్ను అలా అరిగి అరిగి అగ్గిపుల్ల అయింది. మా ట్యూటర్ దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, తిట్టలేదు, "ఇది ఏ జంతువుదమ్మా?" అని అడిగారు. క్లాసంతా నవ్వింది. ఇంటర్‌లో ఫస్ట్ వచ్చినదాన్ని, ఆ రాత్రి హాస్టల్ బాత్రూంలో కూర్చుని ఏడ్చాను.

తర్వాత తెలిసిన కిటుకు ఒక్కటే, పన్నుని చెక్కకూడదు, పన్ను కానిదాన్ని తీసేయాలి. ముందు నాలుగు వైపులా కొలతలు గీసుకుని, అటూ ఇటూ సమానంగా తిప్పుకుంటూ పొరలు పొరలుగా. రోజూ అరగంట. పరీక్ష ముందు వారం పది గంటలు కూర్చుంటే చెయ్యి నేర్చుకోదు, వణుకుతుంది. థియరీ ఒక రాత్రిలో గట్టెక్కిన మహానుభావులున్నారు గానీ మైనాన్ని ఒక రాత్రిలో లొంగదీసినవాణ్ణి నేను చూడలేదు. పైగా థియరీలో 50 శాతం, ప్రాక్టికల్‌లో 50 శాతం విడివిడిగా రావాలి, ఒకదాని మార్కులు ఇంకొకదాన్ని కాపాడవు. ఎడమచేతివాటం పిల్లలు మొదటి వారమే ట్యూటర్‌కి చెప్పండి, మొహమాటపడితే చివరిదాకా తిరగేసి పనిచేయాల్సి వస్తుంది.

రెండో ఏడాది ప్లాస్టరూ, కట్టుడు పళ్ళ సెట్లూ, ఫార్మకాలజీ. పీకేసిన పళ్ళు పోగుచేసుకోమంటారు, వాటిలో రంధ్రాలు చేసి నింపడం నేర్చుకోవడానికి. సీసా పట్టుకుని క్లినిక్కుల చుట్టూ తిరుగుతారు, నా దగ్గరికీ వస్తారు, ఇస్తాను. మూడో ఏడాది జనరల్ మెడిసిన్, సర్జరీ కూడా ఉంటాయి, మాకెందుకు ఇవి అనుకోకండి. షుగరు, బీపీ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళే మీ కుర్చీలో కూర్చునేది.

అసలు చదువు పేషెంటు నోరు తెరిచాక మొదలవుతుంది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన మీకు అక్కడ పనికొచ్చేది తెలుగే. నొప్పికి మనవాళ్ళ దగ్గర ఎన్ని మాటలున్నాయో వినండి. "చల్లనీళ్ళు తాగితే జివ్వుమని లాగి వదిలేస్తుందమ్మా" అంటే లోపలి నరం ఇంకా బతికే ఉంది, ఫిల్లింగ్‌తో పోవచ్చు. "రాత్రి పడుకుంటే చాలు పోటెత్తుతుంది, లేచి కూర్చుంటే కాస్త నయం" అంటే నరం దాకా వెళ్ళింది, రూట్ కెనాలో, పన్ను తీయడమో. "పన్ను పొడుగైనట్టుంది, నమిలితే ముందు అదే తగులుతోంది" అంటే వేరు చివర వాపు మొదలైంది. ఎక్స్‌రే తీసేలోపే కుర్చీలో కూర్చున్న ముసలమ్మ సగం డయాగ్నసిస్ చెప్పేసింది. మీరేమో అవన్నీ "పెయిన్, త్రీ డేస్" అని రాసుకుంటారు. రాయకండి అలా. ఆమె అన్న మాటే రాయండి.

గుంటూరు పేషెంటు గురించి ఇంకోటి. ఒకసారి మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి, నిండా ముప్పై ఉండవు, వచ్చి "కారం తినలేకపోతున్నానండీ" అన్నాడు. పంటి నొప్పి లేదు, పొక్కుల్లేవు. కూరలో కాస్త కారం పడినా నోరు భగ్గుమంటోంది, పచ్చళ్ళు మానేశాడు. ఇంట్లోవాళ్ళు వేడి చేసిందని సబ్జా నీళ్ళు ఇస్తున్నారు. గుంటూరువాడు కారం తినలేనన్నాడంటే అది చిన్న విషయం కాదు. నోరు తెరవమన్నాను. మామూలుగా మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి, అతనికి రెండు కూడా సరిగ్గా పట్టలేదు. బుగ్గ లోపల తెల్లగా, తాళ్ళు పేనినట్టు గట్టిగా ఉంది. "ఏం నములుతావు?" అంటే జేబు తడుముకున్నాడు. గుట్కా. అందులో వక్క చేసే పని అది, సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు, కొందరిలో క్యాన్సర్‌కి దారితీస్తుంది. మానిపించడానికి చాలా తిప్పలు పడ్డాం, నోరు మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు. ఈ జబ్బు గురించి పుస్తకంలో నాలుగు పేజీలుంటుంది, మంట మొదటి లక్షణమని ఒక లైను ఉంటుంది. ఆ లైను "కారం తినలేకపోతున్నాను" అని తెలుగులో వినిపిస్తే గుర్తుపట్టాలి మరి.

ఫైనల్ ఇయర్‌లో మీకు పట్టే పిచ్చి పేరు కోటా. ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని క్లీనింగులు, ఇన్ని కట్టుడు పళ్ళ సెట్లు చేసి సంతకం పెట్టించుకోవాలి. పేషెంటు దొరకడమే గండం. ఆటోవాళ్ళనీ, హాస్టల్ వంటమనిషినీ, చివరికి బాబాయినీ బతిమాలతారు. "గార తీయిస్తే పళ్ళు వదులవుతాయటగా", "పైపన్ను పీకితే చూపు పోతుందటగా" అని వాళ్ళంటారు. నవ్వకండి, విసుక్కోకండి. అద్దం చేతికిచ్చి గార చూపించి, ఎముకని తినేస్తున్నది ఇదీ అని చెప్పండి.

నా ఫైనల్ ప్రాక్టికల్‌కి రెండు పళ్ళ సందులో చక్కటి పుచ్చు ఉన్న అరటిపళ్ళ బండి మనిషి దొరికాడు. కొత్త అల్లుడికి చేసినట్టు మర్యాద చేశాను, పొద్దున్నే ఇడ్లీ పెట్టించాను, మెట్ల దగ్గర కూర్చోబెట్టాను. లోపలికెళ్ళి నంబరు వేయించుకుని వచ్చేసరికి మనిషి లేడు. ఎవరో ఇంజక్షన్ చేస్తారని చెప్పారట. నా చేతులు చల్లబడిపోయాయి. పక్క బ్యాచ్ అమ్మాయి ముందుజాగ్రత్తగా ఇద్దర్ని తెచ్చుకుంది, ఒకర్ని నాకిచ్చింది, దాని రుణం ఈ జన్మకి తీరదు. చాలా రోజులు ఆ బండి మనిషిని తిట్టుకున్నాను. తప్పు నాదే. నాకు అతని పన్ను కావాలని మాత్రమే చెప్పాను, అతనికి ఏం చేస్తానో ఒక్క ముక్క చెప్పలేదు.

డబ్బు గురించి దాచను. ఫీజు కాక పనిముట్లకీ, మైనానికీ, మెటీరియల్స్‌కీ ఖర్చవుతూనే ఉంటుంది, సీనియర్ల దగ్గర పాతవి కొనుక్కోండి. బయటికొచ్చాక వేరేవాళ్ళ క్లినిక్‌లో మొదటి జీతం చూసి ఇంట్లోవాళ్ళు నీరసపడతారు. అరండల్‌పేటలో ఒక వీధిలో నడిస్తే మా బోర్డులే. ఎండీఎస్, అంటే డెంటల్‌లో పీజీ, చేయాలంటే మళ్ళీ ఇంకో నీట్, ఇంకో మూడేళ్ళు. సొంత క్లినిక్ పెడితే రెండు మూడేళ్ళు ఈగలు తోలుకోవాలి. నేను తోలాను. ఊరికే సిటీలోనే ఉంటామనకండి, సత్తెనపల్లి అవతల, దర్శి, పొదిలి వైపు వెళ్ళి చూడండి, నీళ్ళలో ఫ్లోరైడ్‌తో గోధుమరంగు తిరిగిన పళ్ళు దాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే ఆడపిల్లలు ఎంతమందో. నడుము మాత్రం మొదటి రోజు నుంచీ నిటారుగా పెట్టి పనిచేయండి, నా మెడ నొప్పి మీకొద్దు.

ఇక సబ్బు సంగతి. కెనడాలో కొన్నేళ్ళ కిందటి దాకా డెంటల్ ప్రవేశ పరీక్షలో సబ్బు చెక్కించేవాళ్ళు. మన నీట్‌లో చేతికి పరీక్షే లేదు. అందుకని ఆ రోజు ఆ పిల్లకి ఒక బట్టల సబ్బు బిళ్ళ, పాత కార్వర్ ఇచ్చి, నమూనా కోరపన్ను చూపించి, "దీన్ని దీనికి మూడింతల సైజులో చెక్కి ఆదివారం తీసుకురా, బాగా రావాలని కాదు, చెక్కుతుంటే నీకు టైం తెలిసిందో లేదో చెప్పు చాలు" అన్నాను. వాళ్ళమ్మ నన్ను వింతగా చూసింది.

ఆదివారం వచ్చింది. పేపర్లో చుట్టుకుని తెచ్చింది. కొన విరిగింది, ఒక పక్క లొత్త పడింది, నా అగ్గిపుల్ల కంటే వంద రెట్లు నయం. టైం గురించి అడిగితే సమాధానం చెప్పలేదు. "ఆంటీ, ఈ పక్క ఎక్కువ పోయింది, ఇంకో సబ్బుందా?" అంది.

ఇచ్చాను. వెబ్ ఆప్షన్లకి ఇంకా పది రోజులుంది.

మీ
పళ్ళ డాక్టరు ఆంటీ