ఎనభై గంటల్లో పగిలిన గొట్టాలు

1909 జూలై 2న జర్మనీలోని కార్ల్స్‌రూయెలో ఫ్రిట్జ్ హేబర్, బల్ల మీద పట్టేంత పరికరంలో నత్రజనిని, హైడ్రోజన్‌ను తీవ్రమైన పీడనంతో రసాయన చర్యను వేగవంతం చేసే ఆస్మియం అనే అరుదైన లోహం మీదుగా పంపి, ఎరువులకు మూలమైన అమ్మోనియాను తయారుచేసి చూపించారు. ఆ ఉదయం ఒక బోల్టు విరగడంతో ప్రదర్శన ఆలస్యమైంది. చూడవచ్చిన బీఏఎస్ఎఫ్ కంపెనీ ఇంజనీరు కార్ల్ బాష్ ఆగలేక వెళ్లిపోగా, సహచరుడు ఆల్విన్ మిట్టాష్ మాత్రం చివరిదాకా ఉండి అమ్మోనియా చుక్కలుగా పడటం కళ్లారా చూశారు. ఆ తరువాత జర్మనీలోనే ఓప్పావ్‌లో బీఏఎస్ఎఫ్ అమ్మోనియా కర్మాగారం మొదలవడానికి నాలుగేళ్లు పట్టింది. కొత్త ఇంధనాల గురించి మాట్లాడేవారు తప్పక తెలుసుకోవలసినది ఆ నాలుగేళ్ల కథేనని నా నమ్మకం.

కర్మాగారాలకు సరిపడా ఆస్మియం ప్రపంచంలోనే లేదు. మిట్టాష్ బృందం వేల ప్రయోగాలు చేసి, స్వీడన్ నుంచి వచ్చిన ఒక ఇనుప ఖనిజం అనూహ్యంగా బాగా పనిచేయడం గమనించి, అందులోని మలినాలే అందుకు కారణమని తేల్చింది.

బాష్‌కు ఎదురైన చిక్కు మరింత మొండిది. ఆయన కట్టించిన దళసరి ఉక్కు గొట్టాలు దాదాపు 80 గంటలు నడిచి పగిలిపోయాయి. ముక్కలను కోసి పరీక్షిస్తే, వేడి హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి, దానికి బలాన్నిచ్చే కార్బన్‌తో కలిసి మీథేన్‌గా మారుతోందని, లోహం లోపలి నుంచే పెళుసెక్కుతోందని తేలింది. హైడ్రోజన్‌ను ఆపడం సాధ్యం కాదని గ్రహించిన బాష్, కార్బన్ లేని మెత్తని ఇనుముతో లోపలి పొర వేయించి, పీడనాన్ని మోసే బయటి ఉక్కు గోడకు సన్నని రంధ్రాలు పెట్టించారు. లోపలి పొరను దాటి వచ్చిన కొద్దిపాటి వాయువు ఉక్కును తినకుండా ఆ రంధ్రాల గుండా బయటికి పోయేది.

1913 సెప్టెంబరులో ఓప్పావ్‌లో ఉత్పత్తి మొదలైన తరువాత కూడా పని ముగియలేదు. బొగ్గు నుంచి తీసిన కోక్‌తో నడిచిన తొలి కర్మాగారాలు టన్ను అమ్మోనియాకు 100 గిగాజౌళ్లకు పైగా శక్తిని ఖర్చు చేయగా, సహజవాయువుతో నడిచే నేటి మేలైన కర్మాగారాలకు 28 గిగాజౌళ్ల దరిదాపుల్లో సరిపోతుంది. రసాయన చర్య అదే, ఉత్ప్రేరకం ఇప్పటికీ ఎక్కువచోట్ల ఇనుమే. మారినవి కంప్రెసర్లు, ముడిసరుకు, వృథా వేడిని తిరిగి వాడుకునే ఏర్పాట్లు.

నేడు హరిత హైడ్రోజన్‌ను, అంటే సౌర, జల విద్యుత్తు వంటి వాటితో నీటి నుంచి తీసే హైడ్రోజన్‌ను, సరికొత్త ఆవిష్కరణగా చెబుతున్నారు గానీ, 1961లో ప్రారంభమైన పంజాబ్‌లోని నంగల్ ఎరువుల కర్మాగారం భాక్రా జలవిద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసేది. ఇప్పుడు కాకినాడలో అలాంటి హైడ్రోజన్‌తో ఏటా పది లక్షల టన్నుల హరిత అమ్మోనియాను తయారుచేయాలని తలపెట్టారు. అక్కడి ఇంజనీర్ల ముందున్న ప్రశ్న రసాయన శాస్త్రానిది కాదు. అమ్మోనియా రియాక్టరు ఒకే వేడి, ఒకే పీడనం మీద ఆగకుండా నడవాలి. సూర్యుడేమో సాయంత్రానికి అస్తమిస్తాడు. వేడి, పీడనం రోజూ పెరిగి తగ్గుతుంటే ఉత్ప్రేరకమూ ఉక్కూ అలసిపోతాయి. అందుకే పగటి విద్యుత్తుతో నీటిని పై జలాశయానికి తోడి, రాత్రి కిందికి వదిలి విద్యుత్తు తీసే నంద్యాల జిల్లా పిన్నాపురం వంటి కేంద్రాలకు, హైడ్రోజన్‌ను నిల్వచేసే ట్యాంకులకు, వాటి అతుకులకు కూడా హేబర్ పరికరానికి ఉన్నంత ప్రాముఖ్యం ఉంది.