రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇంకేం భయం? ఇళ్ళ స్థలాల విషయంలో అపోహలు - వాస్తవాలు

"సార్, రిజిస్ట్రేషన్ చేసింది గవర్నమెంటే. ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఔట్ల క్రమబద్ధీకరణ) డబ్బులు తీసుకుంది గవర్నమెంటే. ఇంటి నంబరు, నల్లా, కరెంటు మీటరు అన్నీ వాళ్ళే ఇచ్చారు. ఇప్పుడు వాళ్ళే వచ్చి ఇది చెరువు అంటే మేం ఏం కావాలి?"

హైదరాబాద్‌లో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే సంస్థ హైడ్రా 2024 జులైలో ఏర్పాటైన దగ్గర్నుంచి ఈ ప్రశ్న వినకుండా నాకు వారం గడవడం లేదు. రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తూ, ఇళ్ళూ ప్లాట్లూ కొనేవాళ్ళకు లీగల్ ఒపీనియన్ రాయడం నా పని. అడిగేవాళ్ళ కడుపుమంట నాకు తెలుసు, అందులో న్యాయమూ ఉంది. కానీ ఆ ప్రశ్న కింద ఉన్న నమ్మకం తప్పు. నేను చూసినంతలో జనం జీవితకాలపు సంపాదన ఎక్కువగా మునిగింది ఈ ఒక్క నమ్మకం వల్లే.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిందంటే ఆ స్థలం మనదని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే.

కాదు. సబ్ రిజిస్ట్రార్ చూసేవి వేరు. వచ్చిన మనిషి ఆ మనిషేనా, స్టాంపు డ్యూటీ సరిగ్గా కట్టారా, సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, ఇలాంటివి చూస్తారు. అమ్మేవాడికి అసలు హక్కు ఉందా లేదా తేల్చడం ఆయన పని కాదు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తమిళనాడు కేసులో ఇదే మాట చెప్పి, టైటిల్ పత్రాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చన్న అక్కడి రూలును కొట్టేసింది. తెలంగాణలో మనం అన్నీ కలిపి 7.5 శాతం కడతాం. 60 లక్షల ప్లాటుకు నాలుగున్నర లక్షలు. అంత కట్టాక ప్రభుత్వం మన వెనక నిలబడుతుందని అనిపించడం సహజమే. అయితే అది అమ్మకం మీద వేసే పన్ను. దాంతో హక్కుకు పూచీ రాదు.

మిగతా శాఖలదీ అదే దారి. ఇల్లు కనిపిస్తే మున్సిపాలిటీ పన్ను వేస్తుంది. కనెక్షన్ అడిగితే కరెంటు వాళ్ళు మీటరు పెడతారు. బ్యాంకు తన అప్పు వసూలవుతుందా లేదా చూసుకుంటుంది. ఇల్లు కూలినా ఈఎంఐ ఆగదు, ఆ సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఎల్ఆర్ఎస్ అయితే అనుమతి లేని లేఔట్ అన్న లోపాన్ని సరిచేస్తుంది, అంతవరకే. 2020 ఆగస్టు 31న వచ్చిన జీవో 131లోనే చెరువు భూములకు, ప్రభుత్వ, దేవాదాయ భూములకు ఇది వర్తించదని ఉంది. అయినా దరఖాస్తు ఫీజు వెయ్యి రూపాయలు అందరి దగ్గరా తీసుకున్నారు. ఆ వెయ్యి రూపాయల రసీదును లామినేషన్ చేయించి "ఎల్ఆర్ఎస్ అయిపోయింది సార్" అని నా ముందు పెట్టినవాళ్ళు ఎంతమందో.

ఒక కేసు చెప్తాను. రిటైరైన టీచరు దంపతులు. ఊరి శివారులో 200 గజాల్లో ఇల్లు కట్టుకున్నారు. నోటీసు రాగానే కాగితాలన్నీ బట్టల షాపు కవర్లో పెట్టుకుని వచ్చారు. నేను లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత దస్తావేజులు, టేబుల్ మీద వరుసగా పరిచి ప్రతిదాంట్లో హద్దులు రాసే షెడ్యూలు పేజీ తీశాను. 1987 దస్తావేజులో పడమర హద్దు: చెరువు శిఖం (చెరువు నీళ్ళు నిలిచే భూమి). 2004 దాంట్లో అదే పడమర: ఇతరుల భూమి. వీళ్ళు 2013లో కొన్న డాక్యుమెంటులో: 30 అడుగుల రోడ్డు. చెరువు ఎక్కడికీ పోలేదు, కాగితం మీద పేరు మారింది. మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ ఆ మూడు పేజీలూ చదివారు. కొనేటప్పుడు ఈ పాత కాగితాలు ఎవరైనా చదివారా అని అడిగితే, "జిరాక్స్ తీయించాం సార్" అన్నారు.

ఆ కేసులో అమ్మినవాళ్ళకు పట్టా ఉంది. దస్తావేజులో దొంగతనం లేదు. శిఖం పట్టా అంటే అదే. భూమి రైతుదే, నీళ్ళు తగ్గినప్పుడు సాగు చేసుకోవచ్చు. కట్టడం మాత్రం కుదరదు. హక్కు వేరు, ఇల్లు కట్టుకునే వీలు వేరు. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో అది ఎఫ్‌టీఎల్. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత దాటాక ఇంకో 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే కట్టకుండా వదలాల్సిన జాగా. ఈ రూలు హైడ్రా తెచ్చింది కాదు, అమలు చేయనన్నాళ్ళూ అందరూ మర్చిపోయారు. రాజకీయం ఇక్కడే పనిచేస్తుంది. చట్టం పుస్తకంలోనే ఉంటుంది, ఏ ప్రభుత్వం ఎప్పుడు దాన్ని బయటికి తీస్తుందో తెలియదు.

ఒక శాఖ డబ్బు తీసుకుని ఇంకో శాఖ కూల్చడం అన్యాయం కాదా అంటే, ముమ్మాటికీ అన్యాయమే. నోటీసు ఇచ్చి, కాగితాలు చూసి, జవాబు వినకుండా ఎవరి ఇంటి మీదికీ రాకూడదని నేను కోర్టులో వాదిస్తూనే ఉంటాను. అయితే కేసు గెలిచే లోపు ఆ ఇంట్లో నిద్ర పట్టదు. అందుకే కొనకముందే చూడమంటున్నాను.

చూడాల్సింది ఇది. లింకు డాక్యుమెంట్లలో నాలుగు హద్దులూ మొదటి నుంచి చివరి దాకా కలుస్తున్నాయా. పాత రెవెన్యూ రికార్డులైన సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీలో ఆ సర్వే నంబరు పట్టానా, సర్కారీనా, ఇనామా. గ్రామ నక్షా మీద ప్లాటు సరిగ్గా ఎక్కడ పడుతుంది. హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) వెబ్‌సైట్‌లో చెరువుల మ్యాపులు ఉన్నాయి, చెరువు హద్దులకు ప్రిలిమినరీ నోటిఫికేషన్ అయిందా, ఫైనలా చూడండి. వర్షాకాలంలో ఒకసారి స్వయంగా వెళ్ళి నిలబడండి. ఏజెంటు కారులో ఎండాకాలం చూసొస్తే నీళ్ళు కనబడవు.

ఇక మిగతావి త్వరగా.

ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) క్లీన్‌గా ఉంటే చాలు అంటారు. చాలదు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామా, రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండకపోవచ్చు.

22ఏ జాబితాలో లేదు కాబట్టి సేఫ్ అనేదీ అంతే. జాబితాలో లేని ప్రమాదాలు బోలెడు. తిరగేసి, పొరపాటున జాబితాలో పడిన పట్టా భూములూ ఉన్నాయి. మీది అలా పడితే టెన్షన్ పడి అయినకాడికి అమ్ముకోవద్దు. రికార్డులతో కలెక్టరుకు దరఖాస్తు పెట్టండి.

ప్రభుత్వం మారితే పట్టాలు పోతాయన్న వాట్సాప్ మెసేజీలు దయచేసి ఫార్వర్డ్ చేయకండి. 2020 అక్టోబరులో వచ్చిన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. పోర్టల్ మారినంత మాత్రాన ఎవరి పట్టా రద్దు కాలేదు. ధరణి చట్టంలో లేని అప్పీలు దారి కొత్త చట్టంలో ఉంది, తప్పులు పడినవాళ్ళు దాన్ని వాడుకోవాలి. ఆంధ్రలో భూ హక్కుల టైటిలింగ్ చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది, దాని రద్దు బిల్లును 2024 జులైలో అసెంబ్లీ ఆమోదించింది. అందులో సివిల్ కోర్టుకు వెళ్ళే వీల్లేకపోవడం నిజంగా ఆందోళన పడాల్సిన విషయమే, భూములు లాక్కుంటారన్నది మాత్రం పుకారే.

జీవో వచ్చింది, రేట్లు పెరుగుతాయి అని కొనేవాళ్ళకు ఒక మాట. హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో 84 గ్రామాలకు వర్తించింది. ఆంక్షలు ఎత్తేస్తూ 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది. జంట జలాశయాల నీళ్ళు పాడవకూడదన్న షరతు అందులోనే ఉంది. ఏజెంట్లు మొదటి వాక్యమే చదివి వినిపిస్తారు.

జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని అధికారం రాసిచ్చే పత్రం) మీద కొంటే ఖర్చు తక్కువ అనేవాళ్ళతో నాకు ఓపిక తక్కువ. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా నాన్న 1994లో జీపీఏ మీద 150 గజాలు కొన్నారు. రాసిచ్చిన పెద్దాయన పోయాక వాళ్ళ పిల్లలు అదే ప్లాటు మరొకరికి రిజిస్ట్రేషన్ చేశారు. జీపీఏతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. ఆ తీర్పు కాపీ చదివి వినిపిస్తుంటే నాన్న సగంలోనే చాలు అన్నారు. ఆ నోటరీ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నిన్న సాయంత్రం ఒక కుర్రాడు బయానా ఇవ్వకముందే వచ్చాడు. రెండు లక్షల చెక్కు ఇంకా జేబులోనే ఉంది. నాలుగు దస్తావేజులు పరిచాం. మూడింట్లో ఉత్తరం హద్దు వాగు, నాలుగోదాంట్లో ప్లాట్ నంబరు 41. చెక్కు జేబులోనే పెట్టుకుని గ్రామ నక్షా కోసం అప్లై చేయడానికి వెళ్ళాడు.