మళ్లీ కాకతీయ రాజ్యం వస్తే నల్లగొండ ఎటువైపు?

తెలంగాణ అవతరణ దినం జూన్ 2 దగ్గరపడితే చాలు, ఫోన్లలో ఒక పటం తిరగడం మొదలవుతుంది. గోదావరి అవతలి నుంచి నెల్లూరు దాకా, రాయచూరు నుంచి సముద్రం దాకా ఒకే రంగు పులిమి, నడుమ ఓరుగల్లు తోరణం బొమ్మ పెట్టి, ‘కాకతీయ రాజ్యం ఇవాళ ఉండి ఉంటే’ అని రాస్తారు. కింద ఓడరేవులెన్ని, నదులెన్ని, ఎంపీ సీట్లెన్ని అన్న లెక్కలు. ఎవరు గీశారో తెలియదు గానీ పంపేవాళ్లకు మాత్రం కొదవ లేదు.

2024 మేలో ఈ పటానికి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. రాష్ట్ర అధికార చిహ్నంలోంచి కాకతీయ కళాతోరణం, చార్మినార్ తీసేస్తారన్న వార్త అప్పుడే వచ్చింది. రాచరికపు గుర్తులు వద్దు, ఉద్యమం, అమరుల త్యాగం కనిపించాలి అన్నది ప్రభుత్వం మాట. తోరణం తీస్తే ఊరుకోం అని ఓరుగల్లు వైపు ధర్నాలు. సమ్మక్క సారలమ్మలపైకి దండెత్తినవాళ్ల గుర్తు మనకెందుకని ఇంకో వాదన. చివరికి కొత్త చిహ్నం ప్రకటన వాయిదా పడింది. 2014లో ఆ చిహ్నాన్ని గీసిన ఏలె లక్ష్మణ్‌ది ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని కదిరేనిగూడెం. తోరణం ఓరుగల్లుది, గీసిన చెయ్యి నల్లగొండది. ఈ రెండు చోట్ల మధ్య లావాదేవీ మాత్రం ఎనిమిదిన్నర శతాబ్దాల పాతది, అంత సాఫీగా సాగింది కూడా కాదు.

మొదలు 1163 నుంచి పెట్టుకోవాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో రుద్రదేవుడు వేయించిన శాసనం ఆ ఏడాది జనవరి నాటిది. అచింతేంద్రుడనే కవి రాసిన సంస్కృత ప్రశస్తి. కల్యాణి చాళుక్యుల కింద సామంతులుగా ఉన్న కాకతీయులు స్వతంత్రులయ్యారని చాటింది ఇదే కాబట్టి స్కూలు పుస్తకాల దగ్గర్నుంచి పోటీ పరీక్షల దాకా అందరికీ తెలుసు. అయితే ఆ స్వాతంత్ర్యం ఎవరిని తొక్కి వచ్చిందన్నది ఆ శాసనంలోనే ఉంది. అప్పట్లో పానగల్లు, కందూరు, వర్ధమానపురం కేంద్రాలుగా నేటి నల్లగొండ, పాలమూరు ప్రాంతాలను ఏలుతున్నది కందూరు చోడులు. వాళ్లూ చాళుక్య సామంతులే, కాకతీయులతో సమానమైన హోదా ఉన్నవాళ్లే. రుద్రదేవుడి ధాటికి వాళ్లలో భీముడు అడవుల పాలయ్యాడట, అతని వర్ధమాన నగరం కాలి బూడిదయ్యిందట, ఉదయ చోడుడు భయంతోనే ప్రాణం విడిచాడట. గెలిచినవాడి కవి రాసిన మాటలు కాబట్టి కొంత తగ్గించి చదువుకోవచ్చు. ఎంత తగ్గించినా, ఒకనాటి వర్ధమానపురమైన, నాగర్‌కర్నూల్ దగ్గరి నంది వడ్డెమాను మీదుగా పోయేవాడికి కాకతీయ సామ్రాజ్యం మొదట పరిచయమైంది తోరణంగా కాదు, మంటగా.

తర్వాత ఆ వడ్డెమానే కాకతీయులకు పట్టుగొమ్మ అయ్యింది. అక్కడి గోన వంశంవాళ్లు సామంతులై, రుద్రమదేవి పక్షాన నిలబడ్డారు. రాయచూరు కోట కట్టించింది గోన గన్నారెడ్డి సేనాని విఠలుడని 1294 నాటి శాసనం కోటలోనే ఉంది, ఒక మహా పొడవాటి రాతి మీద. అంటే పటంలో రాయచూరును కాకతీయ రంగులో కలిపింది ఓరుగల్లు నుంచి వచ్చిన దండు కన్నా ముందు పాలమూరు దండు. ఈ సంగతి ఆ పటం గీసేవాళ్లకు చెప్పాలి.

నల్లగొండ వైపు ఇంకో రాయి ఉంది. నకిరేకల్ దగ్గరి చందుపట్లలో. 1289 నవంబర్ నాటి తెలుగు శాసనం. పువ్వుల ముమ్మడి అనే బంటు అక్కడి సోమనాథ దేవుడికి భూమి ఇచ్చాడు. ఎందుకంటే కాకతీయ రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారు కాబట్టి, వాళ్ల పుణ్యం కోసం. రుద్రమ ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఈ రాయితోనే. ఎలా పోయిందో అందులో లేదు. తిరుగుబాటు చేసిన కాయస్థ అంబదేవుడితో పోరులో రాణి, సేనాని ఇద్దరూ ఒకేసారి పడిపోయి ఉంటారని చరిత్రకారుల ఊహ. అంబదేవుడు పరాయివాడేం కాదు. కాకతీయుల కొలువులో పెరిగిన సామంత కుటుంబంవాడు.

పటం గీసినవాళ్లు పట్టించుకోనిది ఇదే. ఆ రాజ్యానికి ఇవాళ్టి రాష్ట్రాలకున్నట్టు హద్దు రాళ్లు, తాలూకా ఆఫీసులు లేవు. చివరి రాజు ప్రతాపరుద్రుడి కాలానికి నాయంకర పద్ధతి స్థిరపడింది. సైన్యం పోషించినందుకు నాయకులకు ఊళ్లు. 75 మంది నాయకులని వాడుక. నాయకుడు రాజు మాట విన్నంతకాలం అతని ఊళ్లు రాజ్యంలో ఉన్నట్టు, విననినాడు లేనట్టు. పటంలో ఒకే రంగు వేయడమంటే వాళ్లంతా ఏకకాలంలో రాజుకు దండం పెడుతున్న ఒక్క రోజును పట్టుకుని బొమ్మ తీయడం.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యం వశమైంది. దాన్ని నడిపిన ఉలుగ్ ఖాన్, అంటే తర్వాతి ముహమ్మద్ బిన్ తుగ్లక్, ఊరి పేరు సుల్తాన్‌పూర్ అని మార్చాడు. ప్రతాపరుద్రుణ్ని ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని విలస శాసనం. ఆ తర్వాతి కథే మన విషయానికి అసలు ముడి. ఎందుకంటే ‘పోయిన సామ్రాజ్యాన్ని తిరిగి నిలబెట్టడం’ అన్నది ఫోన్లలో పుట్టిన ఊహ కాదు. పట్టుమని పదిహేనేళ్లు గడవక ముందే ఒకాయన చేసి చూపించాడు. ముసునూరి ప్రోలయ నాయకుడు మొదలుపెట్టిన పోరాటాన్ని అందుకున్న కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లును తుగ్లక్ మనుషుల చేతుల్లోంచి లాక్కున్నాడు. ఆంధ్రదేశాధీశ్వరుడు, ఆంధ్ర సురత్రాణుడు అని బిరుదులు పెట్టుకున్నాడు. సురత్రాణుడంటే సుల్తానే. కాకతీయుల వారసుణ్నని చెప్పుకుంటూనే సుల్తాను బిరుదు తగిలించుకోవడంలో ఆయన లోకజ్ఞానం కనిపిస్తుంది.

కాపయకు పడమట గుల్బర్గా బహమనీ సుల్తానులతో ఊపిరి సలపలేదు. కౌలాసు పోయింది, గోల్కొండ పోయింది. తుగ్లక్ కోసం చేయించి పెట్టిన ఫిరోజా సింహాసనం కూడా బహమనీ సుల్తానుకు కానుకగా ఇచ్చుకోవాల్సి వచ్చిందని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. అయినా ఆయన్ను ముగించింది గుల్బర్గా కాదు, నల్లగొండ.

మిర్యాలగూడ వైపు ఆమనగల్లులో మొదలై రాచకొండకు మారిన రేచర్ల పద్మనాయకులు ఓరుగల్లు పెత్తనాన్ని ఒప్పుకోలేదు. 1368 ప్రాంతంలో భీమవరం దగ్గర జరిగిన యుద్ధంలో రాచకొండ అనపోత నాయకుడి చేతిలో కాపయ చనిపోయాడు. ఆంధ్రదేశాధీశ్వర బిరుదు అనపోతుడికి వచ్చింది. తమ్ముడు మాద నాయకుడు దేవరకొండలో కూర్చున్నాడు. వీళ్ల పూర్వీకుడు ప్రసాదిత్య నాయకుడు రుద్రమ సింహాసనాన్ని కాపాడినందుకు ‘కాకతీయ రాజ్య స్థాపనాచార్య’ అన్న బిరుదు పొందాడు. నాలుగు తరాలు తిరగకముందే ఆ ఇంటివాళ్లే పునఃస్థాపన జరిగిన రాజ్యాన్ని కూల్చారు. దీన్ని ద్రోహం అనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. నాయంకర పద్ధతిలో విధేయత రాజుకే గానీ రాజ్యానికి కాదు. ప్రతాపరుద్రుడు పోయాక ఎవరి కోట వాళ్లది. కాపయకు ఎంత హక్కుందో అనపోతుడికీ అంతే ఉంది.

రాచకొండ గుట్టలెక్కితే ఇప్పటికీ సున్నం లేకుండా బండ మీద బండ పేర్చిన కోట గోడలు కనిపిస్తాయి. సర్వజ్ఞ సింగభూపాలుడు రసార్ణవసుధాకరమనే నాట్యశాస్త్ర గ్రంథం రాసింది ఈ కొలువులోనే. తర్వాత బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొఘలులు, ఆసఫ్‌జాహీలు. రేచర్ల వారసులమని చెప్పుకున్న సురభి వంశం జటప్రోలు సంస్థానాన్ని, అంటే కొల్లాపూర్‌ను, నిజాం కాలం చివరిదాకా ఏలింది. పక్కనే గద్వాల, వనపర్తి, అమరచింత, గోపాలపేట. కాకతీయ రాజ్యం పోయినా నాయకులు పోలేదన్నమాట. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య, 1949లో జాగీర్ల రద్దు వచ్చాకే ఆ వరుస తెగింది.

సామ్రాజ్యాన్ని తలుచుకోవడం మాత్రం అంతకు చాలా ముందే ఇంకో రూపం ఎత్తింది. 1901లో హైదరాబాద్ సుల్తాన్‌బజార్‌లో పెట్టిన గ్రంథాలయానికి శ్రీకృష్ణదేవరాయల పేరు పెట్టారు, 1904లో హనుమకొండ గ్రంథాలయానికి రాజరాజ నరేంద్రుడి పేరు. ఉర్దూ రాజ్యంలో తెలుగు చదువుకు చోటు లేనప్పుడు పాత రాజుల పేర్లే అండ. ఆ పనికి డబ్బు, బలం ఇచ్చింది మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావు. నిజాం రాజ్యం నడుమ ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లాకు చెందిన దీవి లాంటి పరగణా మునగాల, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. కొమర్రాజు పేరు మీద ఏర్పడిన పరిశోధక మండలి ఊరూరా రాళ్లు వెతికి 1935లో తెలంగాణ శాసనాల మొదటి సంపుటం వేసింది. గద్వాల దగ్గరి ఇటిక్యాలపాడులో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక నడిపిందీ ఆ రోజుల్లోనే. మనమిప్పుడు కాకతీయులని ఒక్క మాటలో అనేసే చరిత్రలో చాలా భాగం ఇలాంటివాళ్లు ఎండలో నిలబడి రాతి అక్షరాలు అద్దుకుంటే వచ్చినది. 1956లో విశాలాంధ్ర కావాలన్నవాళ్లూ కాకతీయులనే చూపించారు, 2014లో విడిపోయినవాళ్లూ కాకతీయులనే చిహ్నంలో పెట్టుకున్నారు.

ఇక బస్తర్ సంగతి. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు అడవుల్లోకి పోయి అక్కడ రాజ్యం పెట్టాడని ఆ రాజవంశం చెప్పుకుంటుంది. 2022 జూలైలో కాకతీయ వైభవ సప్తాహానికి వాళ్ల వారసుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను వరంగల్‌కు పిలిచి ఘనంగా ఊరేగించారు. వారం పండుగ అయ్యాక ఆయన వెళ్లిపోయారు.

దక్షిణ తెలంగాణ రైతుకు కాకతీయులంటే ముందు గుర్తొచ్చేది చెరువు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలన్న లెక్కతో నడిచింది. నల్లగొండ పట్నం పక్కన పానగల్లులో ఉదయసముద్రం ఇప్పటికీ నిండుతోంది. కాకతీయ చెరువులని అందరం అంటాంగానీ ఇది రుద్రదేవుడికి భయపడి చచ్చాడని శాసనం ఎద్దేవా చేసిన ఆ చోడుల ఇంటి చెరువు, ఉదయ చోడుడి పేరిటిది. ఇప్పుడు కృష్ణా నీళ్లు కాలువ మీదుగా వచ్చి ఇందులో పడతాయి. ఫ్లోరైడ్ నీళ్లతో వంకర్లు పోయిన ఊళ్లకు ఇక్కడినుంచే తాగునీళ్లు. బ్రాహ్మణ వెల్లెంల ఎత్తిపోతలకు కూడా నీళ్లు ఇక్కడివే.

పాత హద్దుల మీద మనసు పడటానికి బతుకులో కారణం ఉన్న చోటు ఒకటుంది. అది గద్వాల, ఆలంపూర్. 1956 దాకా ఈ రెండు తాలూకాలూ రాయచూరు జిల్లాలో ఉండేవి, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో. హైదరాబాద్ రాష్ట్రం ఒక్కటిగా ఉన్నప్పుడు తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట తలపెట్టారు. ఆనకట్ట రాయచూరు జిల్లాలో, ఆయకట్టు ఎక్కువగా ఆలంపూర్ వైపు, 87,500 ఎకరాలు. అప్పుడు అంతా ఒకే సర్కారు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. రాష్ట్రం మూడు ముక్కలయ్యేసరికి ఆనకట్ట, కాలువ మొదటి 42 కిలోమీటర్లు కర్ణాటకకు పోయాయి, పొలాలు ఇటు మిగిలాయి. ఇటువైపు వాటా 15.9 టీఎంసీలు. కాగితం మీది ఆ నీళ్లు చివరి తూము దాకా రావడం లేదన్నది మూడు తరాల గొడవ. 2003లో కేసీఆర్ ఇదే కాలువ కోసం ఆలంపూర్ నుంచి గద్వాలకు పాదయాత్ర చేశారు. అటు 2021లో రాయచూరు ఎమ్మెల్యే ఒకరు, తమను పట్టించుకోకపోతే తెలంగాణలో కలిపేయండని సొంత పార్టీ మంత్రి ఎదుటే సభలో అన్నారు. ఆయన మనసులో కాకతీయులు లేరు, తెలంగాణలో రైతులకిస్తున్న పథకాలున్నాయి.

కాలువ చివరి పొలాల కోసం తుమ్మిళ్ల దగ్గర తుంగభద్రలోంచే నీళ్లు ఎత్తిపోసే పథకాన్ని 2018లో మొదలుపెట్టారు. పై నుంచి దానంతటది పారి రావాల్సిన వాటాను ఇప్పుడు కరెంటు మోటార్లతో తోడి అదే కాలువలో పోస్తున్నారు.