ఆ ఇళ్ల అమ్మకానికి దారి 2016లోనే పడింది

గృహహింస నుంచి తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లు, వాళ్ల పిల్లలు ఏడాదో రెండేళ్లో ఉండటానికని ప్రభుత్వం డబ్బిచ్చి కొనిపించిన ఇళ్లను, వాటిని నడిపే స్వచ్ఛంద సంస్థే అమ్ముకోవచ్చా అన్న గొడవ అమెరికాలో మళ్లీ రాజుకుంది. ఇలాంటప్పుడు అందరూ 1970ల నాటి షెల్టర్ ఉద్యమం నుంచో, ఆడవాళ్ల మీద హింసను అరికట్టడానికి 1994లో వచ్చిన వావా చట్టం నుంచో కథ మొదలుపెడతారు. అవి తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నా. నన్నడిగితే అసలు ముడి 2009, 2016 మధ్య పడింది.

2009 మేలో ఒబామా సంతకం చేసిన హార్త్ చట్టం, నిలువ నీడ లేని కుటుంబాన్ని 30 రోజుల్లోగా శాశ్వతమైన ఇంటికి చేర్చడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. ట్రాన్సిషనల్ హౌసింగ్, అంటే పైన చెప్పిన తాత్కాలిక ఇళ్ల పద్ధతేమో, 24 నెలల వరకు ఉండనిచ్చేది. ఈ రెండూ ఒకే ఒరలో ఇమడవని అప్పుడే కనిపిస్తోంది. తర్వాత హడ్, అంటే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ, 12 ప్రాంతాల్లో 2,282 కుటుంబాల మీద పెద్ద అధ్యయనం చేయించింది. 2015 జులైలో వచ్చిన తొలి ఫలితాల ప్రకారం ట్రాన్సిషనల్ హౌసింగ్‌కి ఒక్కో కుటుంబానికి నెలకు సుమారు 2,700 డాలర్లు అవుతుంటే, రాపిడ్ రీహౌసింగ్, అంటే కొన్ని నెలల పాటు అద్దె సాయం, సుమారు 880 డాలర్లతో అయిపోతోంది. అంత తేడాకి తగ్గ ఫలితమూ కనపడలేదు. అంతే, 2016 మేలో హడ్ ప్రకటించిన గ్రాంట్లలో దేశమంతా ట్రాన్సిషనల్ ప్రాజెక్టుల మీద వేటు పడింది.

కానీ అదే నివేదికలో అన్నిటికన్నా బాగా పనిచేసినట్టు తేలింది రాపిడ్ రీహౌసింగ్ కాదు, దీర్ఘకాలిక హౌసింగ్ వోచర్, అంటే అద్దెలో కొంత భాగాన్ని ప్రభుత్వమే ఏళ్ల తరబడి కట్టే సాయం. వోచర్ దొరికిన కుటుంబాల్లో భాగస్వామి చేతిలో హింస సగానికి పైగా తగ్గింది. మరి వోచర్లు పెరిగాయా అంటే, అద్దె సాయానికి అర్హులైన నలుగురిలో ఒక్కరికే అది అందే పరిస్థితి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నివేదికలో చవకైన భాగాన్ని మాత్రం చక్కగా అమలు చేశారు.

భర్త పేరు మీదే అన్నీ ఉండి, తన పేరున అప్పు తీసుకుని తీర్చిన చరిత్ర (క్రెడిట్) అంటూ లేక, అతను చేసిన గొడవలకు పాత ఇల్లు ఖాళీ చేయించిన రికార్డు తన మీద పడిన మనిషికి నాలుగైదు నెలల అద్దె చేతికిచ్చి ఇల్లు వెతుక్కోమంటే ఎవరిస్తారు? ఇచ్చినా సాయం ఆగిన నెల నుంచి పూర్తి అద్దె కట్టాలి. పైగా పిల్లల కస్టడీ కేసు అప్పటికి తేలదు. ఇళ్లు అమ్మొద్దంటున్నవాళ్లు మొదటి నుంచీ చెప్పేది ఇదే, గడువు చాలదని. హడ్‌కీ కొంత ఆలస్యంగా అర్థమైనట్టుంది. 2017లో ట్రాన్సిషనల్, రాపిడ్ రీహౌసింగ్ కలిపిన ప్రాజెక్టులకు ఒప్పుకుంది, 2018లో గృహహింస బాధితుల కోసమే 5 కోట్ల డాలర్ల దాకా అదనపు నిధులు (బోనస్) పెట్టింది. ఈలోగా రోజువారీ ఖర్చులకు డబ్బు ఆగిపోయిన చోట్ల మిగిలింది బిల్డింగు, దాని పత్రాలు.

ఇక్కడ 1990లకు వెళ్లాలి, ఎందుకంటే నేటి తగువంతా ఆ పత్రాల్లోనే ఉంది. అప్పటి హడ్ పథకం సపోర్టివ్ హౌసింగ్ ప్రోగ్రాం కింద కొనడానికో కట్టడానికో డబ్బు తీసుకుంటే 20 ఏళ్లు అదే పనికి వాడాలి. పదేళ్లలోపు మానేస్తే మొత్తం వెనక్కి కట్టాలి, ఆ తర్వాత ఏడాదికి 10 శాతం చొప్పున బాకీ తగ్గుతుంది. 1998లో తలుపులు తెరిచిన ఇంటిని 2013లో మూసేస్తే సగం కట్టాలి, 2018 దాటితే ఒక్క డాలరూ అక్కర్లేదు. ఇప్పటి నిబంధనల్లో ఆ 20 ఏళ్లు కాస్తా 15 అయ్యాయి. నగరం ద్వారా వచ్చే సీడీబీజీ (ఊళ్ల అభివృద్ధికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు) నిధులది ఇంకో లెక్క: ఒప్పందం ముగిశాక ఐదేళ్లలోపు వాడకం మారిస్తే నేటి మార్కెట్ ధరలో ఆ నిధుల వాటా ఇచ్చేయాలి, ఐదేళ్లు దాటితే అదీ లేదు. అంటే గ్రాంటు ఆగిపోయిన కాలమూ, షరతుల గడువు తీరే కాలమూ ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. నడపడానికి డబ్బు లేదు, అమ్మితే మాత్రం బోలెడు వస్తుంది.

సంస్థల వాదన కొట్టిపారేసేది కాదు. పైకప్పులు పాతబడ్డాయి, ఇన్సూరెన్స్ పెరిగింది, ఉమ్మడి వంటగదుల్లో రాత్రి కట్టుబాట్ల మధ్య బతకడం చాలామంది ఆడవాళ్లకూ నచ్చదు. నేరస్తుల జరిమానాలతో నడిచే, నేర బాధితుల సాయానికి ఉద్దేశించిన వోకా నిధి నుంచి ఏటా పంచే పరిమితి 2018లో 440 కోట్ల డాలర్లకు పైగా ఉంటే 2024కి 135 కోట్లకు పడిపోయింది. అమ్మిన డబ్బుతో విడివిడి అపార్ట్‌మెంట్లలో ఇంకా ఎక్కువమందికి సాయం చేస్తామంటున్నారు. చేయొచ్చు కూడా. కాకపోతే గడువు లోపల అమ్మితే, ఆ సొమ్మంతా మళ్లీ ఇలాంటి ఇళ్లకే పెట్టడమన్నది హడ్ నిబంధనల్లో రాసి ఉన్న మార్గం. గడువు తీరాక అమ్మితే అది సంస్థను నడిపే బోర్డు ఇచ్చే మాట మాత్రమే. చారిటీ ఆస్తి చారిటీకే వాడాలన్న చట్టం ఉంది నిజమే, కానీ చారిటీ అంటే సిబ్బంది జీతాలూ అవుతాయి, ఆఫీసు అద్దే అవుతుంది.

ఈ అమ్మకాలను అడ్డుకునేదెవరు? ఆస్తి మొత్తాన్నో దాదాపు మొత్తాన్నో అమ్మేస్తుంటే కాలిఫోర్నియాలో 20 రోజుల ముందు రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌కి నోటీసు ఇవ్వాలి. అది తెలియజేయడమే, అనుమతి అడగడం కాదు. బోర్డు మీటింగులు సాధారణంగా జనానికి తెరిచి ఉండవు. నగర కౌన్సిల్‌లో చర్చకొచ్చినా, ఆ ఇంట్లో ఉంటున్న ఆమె మైకు ముందుకొచ్చి ఇది నా ఇల్లు అని ఎలా చెబుతుంది? అడ్రసు బయటపడకూడదనే కదా అక్కడ ఉంటోంది. అందుకే మీటింగుల్లో వినిపించేవి ఎక్కువగా డైరెక్టర్ల మాటలు, లాయర్ల మాటలు, పక్కింటివాళ్ల మాటలు.

కాబట్టి ఏ ఊళ్లో ఈ గొడవ వచ్చినా ముందు అడగాల్సినవి మూడు: ఏ నిధితో కొన్నారు, షరతు ఏ తేదీకి తీరింది, నడపడం ఎప్పుడు ఆపారు. ఆపడానికీ గడువు తీరడానికీ మధ్య రెండు మూడేళ్లు ఇల్లు ఖాళీగా ఉండి ఉంటే, ఆ రోజుల్లో బాకీ ఎందుకు వసూలు చేయలేదో నగరం కూడా చెప్పాలి.